కొట్టేశారన్న మాట

మొన్న మా ల్యాబులో పక్క కౌంటర్లో కూర్చునే అమ్మాయి భోజనాల వేళ ఒక మిఠాయి డబ్బా తెరిచి అందరి ముందూ పెట్టింది. వాళ్ళ తమ్ముడి మీద ఏదో బైకు గుద్దిన కేసు చాన్నాళ్ళుగా నడుస్తోందట. ఆ పొద్దున్నే కోర్టులో దాన్ని కొట్టేశారట. "కొట్టేశారండీ, మొత్తం కొట్టేశారు" అని ఆ పిల్ల నవ్వుతూ చెబుతుంటే అందరూ చేతులు చాపారు. నేనూ ఒక కాజా తీసుకుని, కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఎందుకు తినలేదని ఎవరూ అడగలేదు. నేను ఎక్కువ మాట్లాడనని అక్కడ అందరికీ తెలుసు. మద్దిలపాలెంలో రక్తపరీక్షల ల్యాబు అది. రిపోర్టులు కవర్లో పెట్టి ఇవ్వడం నా పని. ఇందులో ఏం రాశారమ్మా అని ఎవరైనా అడిగితే డాక్టరు గారినే అడగండి అని చెప్పాలి. రోజుకి యాభైసార్లు చెబుతాను. కాగితం నా చేతిలోనే ఉంటుంది, నాకు అర్థమవుతూనే ఉంటుంది, అయినా చెప్పను. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదేదో నాకోసమే పుట్టించిన పనిలా ఉందని డైరీలో రాసుకున్నాను. నాన్న పోయి రెండేళ్ళయింది కాబట్టి ఆ వాక్యం వెనక ఉన్న సంగతి ఇప్పుడు రాయవచ్చు.

అప్పట్లో మేం కూర్మన్నపాలెం జంక్షన్ నుంచి లోపలికి పావుగంట నడిచేంత దూరంలో ఉండేవాళ్ళం. రెండు గదులు, పైన రేకులు, ముందు కొంచెం గచ్చు. నాన్న స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాడు. క్రేను కొక్కేనికి ఇనుప తాళ్ళు బిగించే పని. షిఫ్టు దిగి వస్తే కాలరు మడతల్లో, చెవుల వెనక, కనుబొమల్లో ఎర్రటి ఇనుప ధూళి ఉండేది. ఆ చొక్కాలకి అమ్మ వేరే బకెట్టు పెట్టింది. ఆ నీళ్ళు పారబోసిన చోట గచ్చు తుప్పు రంగుకి తిరిగిపోయింది. పొద్దున రాగిపిండితో కాచిన చోడి అంబలి, రాత్రి అన్నం, వారానికి రెండుసార్లు ఎండుచేప నెత్తళ్ళ వేపుడు. అది పెనం మీద పడితే ఆ వాసన నా పుస్తకాల్లోకి కూడా వెళ్ళేది. లైబ్రరీ నుంచి తెచ్చిన నవలలు మంచం కింద చాప చుట్టలో దాచుకునేదాన్ని. ఎవరూ వద్దనలేదు, అయినా దాచుకునేదాన్ని. మా నాయనమ్మ గడప మీద కూర్చుని అడ్డపొగ పీల్చేది. చుట్ట నిప్పంటించిన వైపు నోట్లో పెట్టుకుని, నిప్పు లోపల, చివర బయట. చిన్నప్పుడు నాకది భయంగా ఉండేది. నోరు కాలదా అని అడిగితే, కాలకుండా పెట్టుకోవడం రావాలంతే అనేది.

ఆ ఇంటి కథ కూడా చదువు దగ్గరే మొదలైంది. మా తాత, ఆయన అన్న కలిసి ఆ స్థలం కొన్నారు. తాతకి సంతకం రాదు, పెద్దతాతకి వచ్చు. అందుకని కాగితం పెద్దతాత పేరున రాయించారు. అన్నదమ్ములిద్దరూ బతికున్నంత కాలం ఆ కాగితం ఎవరికీ గుర్తు రాలేదు. ఇల్లు కట్టిందీ, ఉన్నదీ మేమే. ఇద్దరూ పోయాక పెద్దతాత కొడుకు ఆ స్థలాన్ని గాజువాకలో టైల్స్ షాపు ఉన్న ఒకాయనకి అమ్మేశాడు. ఇల్లు మాదని, మమ్మల్ని కదపకూడదని నాన్న కోర్టులో దావా వేశాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు వేస్తే, ఇంటర్‌లోకి వచ్చేదాకా నడిచింది. వాయిదా రోజున నాన్న షిఫ్టు మానేసి తెల్లచొక్కా వేసుకుని బస్సెక్కేవాడు. సాయంత్రం వచ్చి, ఇంకో వాయిదా ఇచ్చేరు అనేవాడు. కోర్టు కాగితం దేన్నైనా ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని తువ్వాలుతో తుడుచుకునేవాడు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు. ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషులో వచ్చినవన్నీ, గ్యాసు పుస్తకం దగ్గర్నుంచి నా హాల్‌టికెట్టు దాకా, నేనే చదివి చెప్పాలి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు. ఈ దావాకి చాలా ముందు, నాన్న మీదా ఆయనతో పనిచేసే పైడిరాజు మామయ్య మీదా ఇంకో పదిమంది మీదా జంక్షన్లో రాస్తారోకో చేశారని పోలీసు కేసు ఉండేది. ఏళ్ళ తరబడి తిరిగాక ఒకరోజు దాన్ని కొట్టేశారు. అందరూ మెడలో బంతిపూల దండలతో ఆటోలో వచ్చారు. నాకు ఆరేడేళ్ళుంటాయి. మా వీధిలో ఆ రోజు కొట్టేశారన్న మాట పండగ మాటలా తిరిగింది. మా నాన్నకి కోర్టు గురించి తెలిసిన శుభవార్త అదొక్కటే. కేసు కొట్టేస్తే మనిషి ఇంటికొస్తాడు. అంతకుమించి ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని ఆయనకి ఎవరు చెప్పాలి?

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా, నాన్న పనిలో ఉన్నప్పుడు మా వకీలు గారి గుమాస్తా ఫోన్ చేశాడు. మీ కేసు కొట్టేశారు, వీలు చూసుకుని వచ్చి కాగితం పట్టుకెళ్ళండి అన్నాడు. ఇంకేం చెప్పలేదు, నాన్న ఇంకేం అడగలేదు. ఆ సాయంత్రం నాన్న, పైడిరాజు మామయ్య జిలేబీ పొట్లంతో వచ్చారు. "నాను సెప్పనేదేటి బావా, కొట్టేత్తారని" అని మామయ్య గచ్చు మీద నుంచే కేకేశాడు. నాయనమ్మ చుట్ట తీసి పక్కన పెట్టి, గోడని అరచేత్తో తడిమింది. అమ్మ ఏడ్చింది. వీధిలో ఇరవై ఇళ్ళకి జిలేబీ పంచాం. ఇరవై ఇళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అక్కడ అందరి మీదా ఎప్పుడో ఒకప్పుడు కేసులు పడ్డాయి కానీ, తామే వెళ్ళి కేసు వేసినవాళ్ళు మా నాన్న తప్ప ఎవరూ లేరు.

కొన్నాళ్ళకి నాన్న తీర్పు నకలు తెచ్చాడు. దేవుడి పటం ముందు పెట్టి, పసుపు బొట్టు పెట్టి, మర్నాడు పొద్దున నన్ను పిలిచి చేతికిచ్చాడు. పదకొండు పేజీలు. నేను గచ్చు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాను. వాదికి ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు, కానీ ఆ మాట పక్కన సన్యాసిరావు అని నాన్న పేరుంది. చివరి పేజీలో, ఈ కారణాల వల్ల దావా ఖర్చులతో సహా డిస్మిస్ చేయడమైనది అని ఉంది. డిక్షనరీ తెచ్చుకున్నాను. మళ్ళీ చదివాను. దావా ఎవరు వేశారు, మేం. కొట్టేసింది దేన్ని, మా దావాని. లెక్కల పరీక్షలో జవాబు తప్పొచ్చినప్పుడు చేసినట్టు మూడోసారి మొదటినుంచి చేశాను. అదే వచ్చింది. నాన్న అంతసేపూ నా ఎదురుగా గొంతుక్కూర్చుని, కడిగిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చూస్తున్నాడు. లోపల అమ్మ, గడప మీద నాయనమ్మ, గేటు దగ్గర పైడిరాజు మామయ్య.

"ఏటి రాసేరమ్మా? కొట్టేసేరనే కదా?" అన్నాడు నాన్న.

"ఔను నాన్నా. కొట్టేసేరనే ఉన్నాది" అన్నాను.

అబద్ధం చెప్పలేదు. అందులో ఉన్నది అదే మాట. చాలా ఏళ్ళు నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను. కానీ ఆ మాట ఆయన చెవిలో ఏ అర్థంతో పడుతోందో తెలిసే అన్నాను. నలుగురి ముందు ఏ మాటైనా చెప్పాలంటే నాకు గొంతు పెగిలేది కాదు, బళ్ళో జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు. ఆ పొద్దున అందరూ నా నోటివంకే చూస్తున్నారు. రాత్రికి నాన్నకి ఒక్కడికే చెబుదామనుకున్నాను. రాత్రికి రేపనుకున్నాను. బహుశా వకీలు గారికి తెలిసే ఉంటుంది, ఆయనే ఏదో చేస్తుంటారు అనుకున్నాను. ఆ రోజు డైరీలో వాన గురించి రాశాను. నిజానికి ఆ రోజు పడింది నాలుగు చినుకులు.

ఇల్లు మాదే అయిందన్న ధైర్యంతో నాన్న పెరట్లో స్నానాల గది కట్టడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా మాకు తడిక చాటే గతి. ఆదివారాలు ఆయనే పునాది తవ్వి, ఆయనే సిమెంటు కలిపేవాడు. నేను ఇటుకలు అందించేదాన్ని. ఒక్కొక్క ఇటుక చేతికిస్తూ, ఇప్పుడు చెబుదాం అనుకునేదాన్ని. గోడ నా నడుము దాకా వచ్చింది, భుజం దాకా వచ్చింది. పెద్దపిల్లవయ్యావు, నీ కోసమే కదా ఇది అని నాన్న ఒకసారి అన్నాడు. ఆ తర్వాత ఇంక చెప్పలేకపోయాను. తలుపు కూడా పెట్టించాడు.

ఆ గదికి రంగు వేసిన వారమే టైల్స్ షాపాయన కొలిచే టేపు పట్టుకున్న ఇద్దరు మనుషులతో వచ్చాడు. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న నాన్న లేచి వచ్చి, కేసు గెలిచినోళ్ళ ఇంట్లోకి టేపుతో వస్తావా అని వీధంతా వినపడేలా కేకలేశాడు. లోపలికి పరిగెత్తి, పసుపు బొట్టున్న ఆ తీర్పు తెచ్చి ఆయన ముఖం ముందు ఆడించాడు. ఆయన చెడ్డమనిషి కాడు. తన డబ్బు తాను ఇచ్చి కొనుక్కున్నవాడు. ఆ కాగితం వంక చూసి, టేపు వాళ్ళని వెనక్కి పంపించి, నాన్న భుజం మీద చెయ్యేసి గొంతు తగ్గించి అన్నాడు: "అన్నా, కేసు ఏసింది ఎవులు? నువ్వు. మరి కొట్టేసింది ఎవుల్ది? నీదే."

నాన్న కాగితం కిందికి దించాడు. తర్వాత గడపలో ఉన్న నా వైపు చూశాడు. కోపంగా కాదు. కాగితంలో ఏముందని అడిగేటప్పుడు ఎలా చూసేవాడో అలాగే చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయనకి అప్పుడే తెలిసిపోయిందని ఇవాళ నాకు ఖాయంగా తెలుసు. అప్పుడు మాత్రం, ఆ చూపుకి వంద అర్థాలు వెతుక్కున్నాను, నాకు అనుకూలమైన దాన్ని పట్టుకున్నాను.

పాత వకీలు గారు విసుక్కున్నారు. కొట్టేశారని కబురు చేయించాను కదా, ఇంకెలా చెప్పాలి అన్నారు. అప్పీలుకి ముప్పై రోజులే గడువని, అది దాటి నాలుగు నెలలు కావస్తోందని, తాను చేయగలిగింది ఏమీ లేదని ఫైలు ఇచ్చేశారు. తర్వాత ఇద్దరు వకీళ్ళ దగ్గరికి తిరిగాం. ఒకాయన ముందు పేజీ కూడా తిప్పలేదు. ఇంకొకాయన కథంతా విని, పక్క టేబుల్ ఆయన్ని పిలిచి, ఇది విన్నారా, ఓడిపోయి జిలేబీలు పంచారట అన్నాడు. నాన్న కూడా వాళ్ళతో పాటు కొంచెం నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను గోడకున్న క్యాలెండరు చదివాను. ఫైలు మోయడానికి, పేర్లూ నంబర్లూ చదివి చెప్పడానికి ప్రతిచోటికీ నన్ను తీసుకెళ్ళేవాడు. కాలేజీ మానకమ్మా అని ఒక్కసారి అన్నాడు, ఆ తర్వాత ఎవరూ లేకపోతే ఎలాగ అని తానే అన్నాడు.

చివరికి పైడిరాజు మామయ్య మమ్మల్ని హార్బరు దగ్గర పాత ఊళ్ళో రహమతుల్లా వకీలు గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. కింద ఇనప్పెట్టెలు చేసే కొట్టు, పైన ఆయన ఆఫీసు. మెట్లెక్కుతుంటే రేకు మీద సుత్తి దెబ్బలు పాదాల్లోకి వచ్చేవి. కిటికీలోంచి హార్బరు వైపు గాలి, అందులో చేపలు, బొగ్గు. పైన మాత్రం అత్తరు వాసన. ముసలాయన, గడ్డానికి గోరింటాకు రంగు. తీర్పు పదకొండు పేజీలూ మా ఎదురుగానే చదివారు. చదువుతున్నంతసేపూ మమ్మల్ని టీ తాగమని చేత్తో సైగ చేస్తూనే ఉన్నారు. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని అడిగితే నాన్న చెప్పాడు, కొట్టేశారంటే గెలిచామనుకున్నానని. ఆయన నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

కేసులో బలముందన్నారు. ముప్పై ఏళ్ళ పన్ను రసీదులు, కరెంటు మీటరు తాత పేరునా నాన్న పేరునా ఉన్నాయి, పై కోర్టు వింటే మాట్లాడగలను అన్నారు. కానీ ముందు ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయాలి. అది ఒప్పుకుంటేనే అప్పీలు, లేకపోతే ఎంత బలమున్నా అంతే. ఆలస్యానికి కారణం ప్రమాణపత్రంలో రాయాలి. దానికి అందరూ రాసే కారణం ఒకటుందట. "మన కోర్టుకి లేటుగా వచ్చిన ప్రతివాడికీ పచ్చకామెర్లే సన్యాసిరావూ. పాపం, జిల్లాలో ఎవరి కళ్ళు చూసినా పసుపే. నీకూ ఒక సర్టిఫికెట్ తెప్పించగలను. కానీ నీది నిజమైన కారణం. నలభై ఏళ్ళలో ఇంత నిజమైన కారణం నేను వినలేదు. సాఫ్‌గా అదే రాద్దామా?"

నాన్న నిజమే రాయమన్నాడు. ఆయన అలాంటి మనిషి. రహమతుల్లా గారు రాసుకుంటూ, తల ఎత్తకుండానే, ఇంట్లో ఇంగ్లీషు చదివినవాళ్ళు ఎవరూ లేరా, రేపు అవతలి వకీలు మొదట అడిగే ప్రశ్న అదే అన్నారు. నా ఒళ్ళో ఫైలుంది. దాని తాడు ముడి వేలికి చుట్టుకుని ఉన్నాను.

"మా గుంట సదువుతాది బాబూ. దానికి నాను సూపించనేదు. ఆడపిల్లకి కోర్టు కాయితాలెందుకని పెట్టెలో ఎట్టేసేను" అన్నాడు నాన్న.

నా వైపు చూడకుండా అన్నాడు. పైడిరాజు మామయ్య, ఆ పొద్దున గేటు దగ్గర నిలబడి అంతా విన్నవాడు, టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

వారం తర్వాత ఇంగ్లీషులో టైపు చేసిన ప్రమాణపత్రం మీద సంతకానికి వెళ్ళాం. ఇంగ్లీషు రానివాడు సంతకం పెడితే, దాన్ని తెలుగులో చదివి వినిపించారని, విని ఒప్పుకున్నాడని కింద రాయాలట. ఆ రోజు రహమతుల్లా గారికి గొంతు బాగాలేదు. నీ కూతురుంది కదా, చక్కగా చదువుకున్న పిల్ల, ఆమెనే చదవనీ అని కాగితాలు నా ముందుకి జరిపారు. నేను ఒక్కొక్క వాక్యం చదివి, తెలుగులో చెప్పాను. నా పేరు సన్యాసిరావు, నా వృత్తి కూలి, నేను ఫలానా చోట నివసిస్తున్నాను. ఐదో పేరా వచ్చింది. ఒకసారి మనసులో చదువుకున్నాను. ఏమైందమ్మా అన్నారు ఆయన. అప్పుడు పైకి చెప్పాను: "మా ఇంట్లో ఆ తీర్పు చదివి నాకు అర్థం చెప్పగలిగిన వారెవరూ దానిని చూడలేదు."

నాన్న ఫ్యాను వైపు చూస్తూ విన్నాడు. అయిపోయాక, సరిగ్గా సదివేవమ్మా, అలాగే ఉన్నాది అన్నాడు. మెట్ల కింద కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి, తన పేరు ఒక్కొక్క అక్షరం పెట్టాడు. ఆ పత్రంలో ప్రతి ముక్కా నిజం, ఆ ఒక్కటి తప్ప. పచ్చకామెర్లు రాసుంటే అబద్ధమంతా కామెర్లదే అయి ఉండేది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. అక్కడ మూడంతస్తులు లేచాయి, కింద మందుల షాపు. ఇప్పుడు కోర్టు తీర్పులు ఫోన్లోనే వస్తాయని, నొక్కితే తెలుగులోకి మారతాయని మా ల్యాబులో వాళ్ళు చెబితే నేనూ ఒకసారి ఎవరిదో తీర్పు తెరిచి చూశాను. కొట్టివేయడమైనది అనే వచ్చింది. ఎవరిదో, ఎవరి మీదో, ఆ ముక్క ఫోను కూడా విడిగా చెప్పలేదు. ఆ ఇల్లు ఖాళీ చేశాక మేం చేరింది గోపాలపట్నంలో ఒక అద్దె ఇంట్లో, మొదటి అంతస్తులో. నాయనమ్మకి అక్కడ కూర్చోవడానికి గడప ఉండేది కాదు. పొగ పైకి వస్తోందని పైవాళ్ళు గొడవ పెట్టాక చుట్ట మానేసింది. మానేసిన ఏడాదికే పోయింది. బాత్రూము మాత్రం బావుంది, తెల్లటి టైల్సు. అమ్మ కొన్నాళ్ళు దాన్ని తోమినంత శ్రద్ధగా వంటగదిని కూడా తోమేది కాదు. ఎర్రధూళి నీళ్ళు పారబోయడానికి చోటు లేక, నాన్న ప్లాంటు గేటు దగ్గరే కుళాయి కింద చొక్కా ఉతుక్కుని, తడిచొక్కాతో బస్సెక్కి వచ్చేవాడు. అప్పటి మా ఇల్లు గొప్పదేమీ కాదు. వానొస్తే రేకుల చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. కానీ అక్కడ మా నాన్న కేకలేసి మాట్లాడేవాడు. అద్దె ఇంట్లో ఆయన గొంతు ఎప్పుడూ పెద్దగా వినలేదు.

ఆలస్యాన్ని మన్నించమన్న ఆ పిటిషన్ విచారణకి వచ్చిన రోజున నేను కోర్టు హాలు వెనక బెంచీ మీద ఉన్నాను. అవతలి వకీలు లేచి, కాలేజీలో చదివే కూతురు ఇంట్లో ఉండగా నాలుగు నెలలు తీర్పు అర్థం కాలేదంటే నమ్మేదెలా అన్నాడు. జడ్జి గారు కాగితాల మీద నుంచి కళ్ళెత్తలేదు. తర్వాతి వాయిదాకి ఉత్తర్వు వచ్చింది. ఆ సాయంత్రం రహమతుల్లా గారు మమ్మల్ని ఆఫీసులో కూర్చోబెట్టి, ఒక్కొక్క మాటా తూచి చెప్పారు. "మన పిటిషన్ కొట్టేశారు సన్యాసిరావూ. కొట్టేశారంటే ఓడిపోయాం. అర్థమైందా?" అర్థమైందన్నట్టు నాన్న తలాడించాడు.

ఇంకా దారి ఉందన్నారాయన. హైకోర్టుకి వెళ్ళవచ్చు, అక్కడ తనకి తెలిసిన మంచి వకీలున్నాడు, తానే ఉత్తరం రాసిస్తాను, ఫీజు సంగతి తర్వాత చూసుకోవచ్చు. అయితే అక్కడా ఆలస్యానికి ఇదే కారణం మళ్ళీ ప్రమాణం చేసి చెప్పాలి, ఇంకొంచెం వివరంగా, కూతురి సంగతి కూడా స్పష్టంగా రాస్తే మంచిది. వెళ్ళు, నీకు న్యాయముంది అని రెండుసార్లు అన్నారు. పైడిరాజు మామయ్య, ఎల్దాం బావా, అప్పో సప్పో సేసి ఎల్దాం అన్నాడు.

కింద సుత్తి దెబ్బలు ఆగి, మళ్ళీ మొదలయ్యాయి.

"వొద్దు బాబూ, ఇంక సాలు" అన్నాడు నాన్న. "మల్లీ ఆ కాయితం మా గుంట సేత సదివించాల కదా."

రహమతుల్లా గారు నా వైపు చూశారు. ఆయన వృత్తిలో నలభై ఏళ్ళున్న మనిషి. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఫైలు మూసి, తాడు బిగించి, నాకివ్వకుండా నాన్న చేతికిచ్చారు. నాన్న దాన్ని చంకలో పెట్టుకుని ముందు మెట్లు దిగాడు. బస్సులో కిటికీ పక్కన నన్ను కూర్చోమన్నాడు. కూర్మన్నపాలెంలో దిగేదాకా ఫైలు ఆయన ఒళ్ళోనే ఉంది. ఆయన బతికిన ఇంకో తొమ్మిదేళ్ళలో మేమిద్దరం ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.